మాస్టర్స్ మీట్‌కు పోయే ముందు మీ మాత్రల డబ్బా బల్ల మీద పొయ్యండి

మాది కావలి. ట్రంకు రోడ్డులో మెడికల్ షాపు. చీటీ చదివి మందిచ్చేది నేను, డబ్బులు లెక్కపెట్టేది మా ఆయన. పొద్దున షాపు తీసేలోపు జవహర్ భారతి కాలేజీ గ్రౌండులో ఇనుపగుండు విసురుతా. యాభై దాటిన ఆడోళ్లకు మాస్టర్స్ అనే పెద్దవయసోళ్ల పోటీల్లో గుండు మూడు కిలోలే కాబట్టి భుజం ఇంకా నా మాట వింటోంది. గ్రౌండులో నా జట్టంతా ఇట్టాంటోళ్లే. రిటైరైన టీచర్లు, ఆర్టీసీలో చేసి దిగిపోయినోళ్లు, రొయ్యల చెరువులు కొడుకులకు అప్పజెప్పి తీరుబడిగా ఉన్నోళ్లు. ఒకాయన ఐదువేల మీటర్లు, ఒకామె నడక పోటీ, ఇంకొకాయనకు ఈటె.

వీళ్లు నన్ను రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. ఒకటి గ్రౌండులో, అందరి ముందు: "అక్కా, నేను బీపీ మాత్ర వేసుకుంటాగదా, టెస్టు పెడితే దొరికిపోతానా?" రెండోది షాపులో, కౌంటరు దగ్గర ఎవరూ లేనప్పుడు, గొంతు తగ్గించి: "అక్కా, జిమ్ముల్లో కుర్రోళ్లు వేయించుకునే ఆ సూది నాక్కూడా ఒకటి చూడరాదా?" రెండింటికీ ఇక్కడ జవాబు చెప్తా. మొదటిదానికే ఎక్కువ చోటు ఇస్తున్నా. డోపింగ్, అంటే ఆటలో గెలవడానికి నిషేధమున్న మందు వాడటం, అనంగానే అందరికీ సూదులూ కండలూ గుర్తొస్తాయి గానీ, మన వయసోళ్లకు నిషేధమున్న మందు వచ్చేది ఎక్కువగా డాక్టరు రాసిన చీటీలోంచే.

రూలు ఏందో ముందు రెండు ముక్కల్లో. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే వాడా, నిషేధిత మందుల జాబితా తయారుచేస్తుంది. ప్రతి ఏడాదీ జనవరి 1న కొత్త జాబితా అమల్లోకి వస్తుంది. మన దేశంలో దాన్ని నడిపేది జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే నాడా. దీనికి 2022లో పార్లమెంటు చట్టం కూడా చేసింది. మాస్టర్స్ అథ్లెటిక్స్ అంటే 35 దాటినోళ్లు, ఐదేళ్లకొక గ్రూపు. వయసైపోయింది పాపం అని జాబితాలో మనకు వేరే కాలమ్ ఏమీ లేదు, ఒలింపిక్స్ వాడికి ఏదో మనకూ అదే. ఒంట్లో దొరికితే బాధ్యత మీదే. "డాక్టరు రాశాడు, షాపామె ఇచ్చింది" అంటే శిక్ష తగ్గుతుందేమో గానీ తప్పు పోదు.

డబ్బా మొత్తం ఖాళీ చెయ్యండి

ఒక ఆదివారం కూర్చోని ఇంట్లో మీరు వాడేవన్నీ బల్ల మీద పొయ్యండి. మాత్రలొక్కటే కాదు. దగ్గు సిరప్పు, కంటి చుక్కలు, మోకాలికి పూసుకునే ఆయింట్‌మెంటు, లేహ్యం, పక్కూరి వైద్యుడిచ్చిన పొట్లాలు, అమెరికా నుంచి కోడలు తెచ్చిన విటమిన్ డబ్బా. అన్నీ.

ఒక నోటుబుక్కులో ప్రతిదాని ఎదురుగా దాని లోపలి మందు పేరు రాయండి. షీటు ముందుపక్క పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, అది మనకు పనికిరాదు. వెనకపక్క చీమతలకాయంత అక్షరాల్లో కాంపొజిషన్ ఉంటుంది, అది కావాలి. కళ్లజోడుతో కూడా కనపడకపోతే ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసుకోండి.

ఇక్కడ మా షాపులోళ్ల గుట్టు ఒకటి చెప్తా. పది మాత్రల షీటులో నాలుగు అడిగితే కత్తెరతో కోసి ఇస్తాం. మీకొచ్చిన ముక్కలో పేరుండొచ్చు, సగం ఉండొచ్చు, అసలే లేకపోవచ్చు. బ్యాచ్ నంబరు ఆ మిగతా ముక్కతో మా దగ్గరే ఉండిపోతుంది. పోటీలకు పోయేవాళ్లు షీటు పూర్తిగా కొనండి, బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు అడిగితే మొహం మాడ్చుకునే షాపుంటే ఇంకో షాపుకు పోండి, ఊళ్లో షాపులకేం తక్కువ.

పేర్లు రాసుకున్నాక వాటిని చూసుకోను నాడా వాళ్లదే నో యువర్ మెడిసిన్ అని ఒక యాప్ ఉంది. మందు పేరు కొడితే నిషేధముందో లేదో చెప్తుంది. బయటిదేశాల వెబ్‌సైట్లు కొన్ని ఉన్నాయి గానీ వాటిలో మన ఊరి కంపెనీల పేర్లు దొరకవు, అందుకనే లోపలి మందు పేరు రాసుకోమన్నా.

ఏ జబ్బుకు ఏది చూసుకోవాలి

బీపీతో మొదలుపెడతా, మనలో సగం మంది ఇంట్లో ఉండేది అదే. టెల్మిసార్టాన్‌కు నిషేధం లేదు. అమ్లోడిపిన్‌కు లేదు. రెండూ కలిపిన ఏఎమ్ మాత్రకూ లేదు. అదే మాత్ర పేరు చివర హెచ్ అని ఉందా, చాలావరకు అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉన్నట్టే. సీటీ అని ఉంటే చాలావరకు క్లోర్‌థాలిడోన్. ఈ రెండూ ఒంట్లో నీరు తీసే మందులు, పోటీ ఉన్నా లేకపోయినా ఏడాది పొడుగునా నిషేధం. నీరు తీసే మందు మూత్రాన్ని పల్చన చేస్తుంది, దాంతో మిగతా దొంగమందులు కనపడకుండా పోతాయి, కుస్తీలాంటి వాటిల్లో బరువు కూడా తగ్గించుకోవచ్చు. అందుకని పెట్టారు. ఫ్రూసెమైడ్, టోర్సెమైడ్, స్పిరోనోలాక్టోన్, ఇండపమైడ్ కూడా ఈ లెక్కలోవే.

మా ఐదువేల మీటర్లాయన దగ్గర ఇదే బయటపడింది. ఒంగోలులో పెద్ద డాక్టరు రాసిన మాత్ర, ఎన్నో ఏళ్లుగా వేసుకుంటున్నాడు, చివర హెచ్. "అయితే ఇయ్యాల్టి నుంచి మానేస్తాలే" అన్నాడు. ఆ మాటకు నాకు కోపమొచ్చింది. "అన్నా, నువ్వు మాత్ర మానేసి ట్రాకు మీద పడిపోతే వదినకు నేనేం చెప్పాల?" అన్నా. మందు ఆపే పనీ మార్చే పనీ మీది కాదు, నాది కూడా కాదు. డాక్టరు దగ్గరికే పోయి "సార్, నేను పోటీలకు పోతా, ఈ మాత్రలో హెచ్ ఉంది, అది లేకుండా బీపీ ఆగుతుందా?" అని అడగాలి. ఆగేట్టుంటే మారుస్తారు, మార్చినాక కొన్నాళ్లు బీపీ కొలిచి చూస్తారు. ఆగకపోతే అనుమతి దారి ఉంది, కిందకొచ్చాక చెప్తా.

మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి విలువిద్యకూ తుపాకీ పోటీలకూ గోల్ఫుకూ ఇంకా అట్టాంటి కొన్ని ఆటలకే నిషేధం. పరిగెత్తేవాళ్లకూ విసిరేవాళ్లకూ ఇబ్బంది లేదు.

గుండెనొప్పి ఉన్నోళ్లు ట్రైమెటాజిడిన్ ఉందేమో చూసుకోండి. ఏడాది పొడుగునా నిషేధం. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో రష్యా స్కేటింగ్ పిల్ల కమీలా వాలియెవా గొడవంతా ఈ మాత్ర గురించే. అప్పటికి ఆ పిల్లకు 15 ఏళ్లు. తాత వేసుకునే గుండె మందు ఎట్టానో కలిసిపోయిందని వాదించారు. నిలబడలేదు, 2024 జనవరిలో నాలుగేళ్ల నిషేధం ఖాయమైంది. మన ఇళ్లల్లో తాతలం మనమే కాబట్టి ఇంకో మాట: పోటీలకు పోయే మనవడో మనవరాలో ఉంటే మీ గ్లాసూ మీ మాత్రలు నూరే గిన్నే వేరే పెట్టండి. అటోర్వాస్టాటిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వీటికి నిషేధం లేదు.

చక్కెరకు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వేసుకోవచ్చు. ఇన్సులిన్‌కు మాత్రం అనుమతి పత్రం కావాల్సిందే. థైరాయిడ్ మాత్రకు అక్కర్లేదు. ప్రోస్టేటుకు వాడే టామ్సులోసిన్, ఫినాస్టరైడ్ పర్వాలేదు. అడగడానికి మొహమాటపడే ఆ నీలి మాత్రకు (సిల్డెనాఫిల్) కూడా నిషేధం లేదు. కాకపోతే నాలిక కింద పెట్టుకునే గుండె మాత్ర వాడేవాళ్లు దాని జోలికి పోవద్దు, రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

ఆయాసం ఉన్నోళ్లకు లెక్క ఉంది. సాల్బుటమాల్ పీల్చుకునే మందైతే 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు దాటకూడదు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకూడదు. మామూలుగా వాడేవాళ్లెవరూ అంత దూరం పోరు. తంటా అంతా సిరప్పుతోనే. మన షాపుల్లో దగ్గు సిరప్పుల్లో టెర్బుటలిన్ ఉన్నవి బోలెడు, లెవోసాల్బుటమాల్ ఉన్నవి బోలెడు. టెర్బుటలిన్‌కు నిషేధం. సాల్బుటమాల్ కూడా నోటి ద్వారా తాగితే నిషేధమే. "దగ్గుకు ఒక సీసా ఇవ్వమ్మా" అని అడగటం మానేసి, ఎప్పుడైనా సీసా మీద ఏముందో చదివించుకోని కొనండి. జలుబు మాత్రల్లో ఫినైలెఫ్రిన్ ఉంటే ఇబ్బంది లేదు. సూడోఎఫెడ్రిన్ ఉంటే పోటీకి కనీసం ఒక రోజు ముందే ఆపెయ్యాలి.

కళ్లల్లో ఒత్తిడి ఉన్నోళ్లకు చుక్కలు పర్వాలేదు గానీ అసిటజోలమైడ్ మాత్ర నిషేధం. ఆడోళ్లలో రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినోళ్లు వాడే టామోక్సిఫెన్, లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ మూడూ జాబితాలో ఉన్నాయి. ముట్లు ఆగినాక ఒంట్లో ఆవిర్లకు రాసే టిబోలోన్ కూడా ఉంది. అక్కయ్యలూ, ఈ మందులు ప్రాణం కాపాడేవి, పతకం కోసం ఒక్క పూట కూడా ఆపొద్దు. అనుమతి అడగండి, అంతే.

సూదీ, సెలైనూ, పొట్లం

మన జిల్లాల్లో మనిషి మీద పడే పెద్ద వల ఇది. మోకాలు వాచిందంటే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతాం, ఆయన ఒక సూది పొడుస్తాడు, మాపిటికల్లా నొప్పి మాయం. ఆ సూదిలో డెక్సామెథాసోనో ఇంకో స్టెరాయిడో ఉండే అవకాశం ఎక్కువ. ఇది కండలు పెంచే స్టెరాయిడ్ కాదు, వాపు తగ్గించే రకం. అయినా పోటీ సమయంలో ఇదీ నిషేధమే. 2022 నుంచి ఎక్కడ పొడిచినా సూది సూదే, కీలులో పొడిచినా అంతే. పోటీ సమయం అంటే పోటీకి ముందురోజు రాత్రి 11:59 నుంచి లెక్క. మందు ఒంట్లోంచి పోవడానికి పట్టే రోజులు కూడా వాడా చెప్పింది. కీలులో వేసే సూదులు చాలావాటికి 3 రోజులు, ట్రయామ్సినోలోన్ అయితే 10 రోజులు, అదే ట్రయామ్సినోలోన్ కండకు వేస్తే 60 రోజులు. కాబట్టి సూది వేయించుకునేటప్పుడు "ఇదేం మందు?" అని అడిగి ఖాళీ సీసా ఫొటో తీసుకోండి. పేరు చెప్పను అనే చోట చెయ్యి చాపొద్దు. పోటీ లేకపోయినా అంతే, చక్కెర ఉన్నోళ్లకు ఆ సూది తర్వాత షుగరు ఎట్టా ఎగురుతుందో నాకు తెలుసు, మర్నాడు స్ట్రిప్పుల కోసం నా దగ్గరికే వస్తారు గదా.

సెలైన్ సంగతి. ఎండకు నీరసమొచ్చిందంటే "ఒక బాటిల్ ఎక్కించండి" అనడం మనకు కాఫీ తాగినంత అలవాటు. డోపింగ్ రూల్లో 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటి నరంలోకి ఏది ఎక్కించినా నిషేధం, అది ఉత్త ఉప్పునీళ్లయినా సరే. ఆస్పత్రిలో చేర్చి చేసే వైద్యానికీ ఆపరేషన్‌కూ పరీక్షలకూ మినహాయింపు ఉంది. పోటీకి ముందురోజు క్లినిక్కులో పడుకోని బాటిల్ ఎక్కించుకుంటే లేదు. ఓఆర్‌ఎస్ కలుపుకోని తాగండి, మజ్జిగలో ఉప్పేసుకోని తాగండి. నిజంగా వడదెబ్బ తగిలి కళ్లు తిరిగితే రూలు గీలు చూడొద్దు, ఆస్పత్రికి పోండి, కాగితాలన్నీ దాచుకోండి.

నొప్పి మాత్రల్లో పారాసెటమాల్, డైక్లోఫినాక్ లాంటివి పర్వాలేదు. ట్రమడాల్ కలిసినవి 2024 జనవరి 1 నుంచి పోటీ సమయంలో నిషేధం. పర్వాలేదన్నా గదా అని ఎండలో పరుగుకు ముందు డైక్లోఫినాక్ మింగి పోవద్దు, బీపీ మాత్ర వేసుకునేవాళ్లకు నీళ్లు తగ్గి కిడ్నీ మీద పడుతుంది.

నాటు పొట్లాలు, చూర్ణాలు: మొక్కల మందు గదా ఏమవుతుంది అనుకోవద్దు. విషముష్టి గింజలో ఉండేది స్ట్రిక్నిన్, అది జాబితాలో ఉంది. అగ్నితుండి వటి లాంటి గుళికల్లో శుద్ధి చేసిన విషముష్టి పడుతుంది. 1904 సెయింట్ లూయీ ఒలింపిక్స్ మారథాన్‌లో థామస్ హిక్స్ అనే ఆయనకు దారిలో ఈ స్ట్రిక్నినే గుడ్డు తెల్లసొనతో, బ్రాందీతో కలిపి ఇచ్చి పరిగెత్తించారు. గెలిచాడు గానీ, చివరికి చచ్చేంత పనైంది. పేరూ ఊరూ లేని పొట్లం గురించి అయితే నేను చెప్పేదేమీ లేదు. ఒక్క పొట్లానికే మోకాళ్లు తేలికైపోయి, ఆకలి పెరిగి, మొహం ఉబ్బిందంటే అందులో స్టెరాయిడ్ కలిపారని అనుమానించాల్సిందే.

అనుమతి పత్రం

జబ్బుకు ఆ మందు తప్పదు అనుకున్నప్పుడు తీసుకునే అనుమతిని టీయూఈ అంటారు. అర్జీ నాడాకు పెట్టాలి, పోటీకి 30 రోజులు తగ్గకుండా ముందు. ఫారం వాళ్ల వెబ్‌సైటులో ఉంటుంది, సగం మీరు నింపాలి, సగం మీ డాక్టరు. వాళ్లు చూసేది నాలుగు సంగతులు: పరీక్షల్లో తేలిన జబ్బుకు ఆ మందు నిజంగా అవసరమా, మామూలు ఆరోగ్యానికి మించి బలం ఏమన్నా ఇస్తుందా, నిషేధం లేని వేరే మందు లేదా, ఇంతకుముందు దొంగమందు వాడినందువల్లే ఈ జబ్బొచ్చిందా. వీటికి జవాబు రిపోర్టుల్లో కనపడాలి. ఉత్త చీటీ జతచేస్తే తిరిగొస్తుంది. ఎకో, షుగరు రిపోర్టులు, పాత డిశ్చార్జి సమ్మరీ, "హెచ్ లేని మాత్రతో బీపీ ఇంత ఉంది, దీనితో ఇంత ఉంది" అని డాక్టరు రాసిన ఉత్తరం, ఇవన్నీ పెట్టాలి. మన డాక్టర్లకు తీరిక ఉండదు, కాబట్టి మీరే ఫారం ప్రింటు తీసి, పేర్లూ తేదీలూ పెన్సిలుతో రాసుకోని పోయి ముందు పెట్టండి. సంతకం తొందరగా పడుతుంది.

ప్రపంచ పోటీలకు పోతుంటే అర్జీ ఎవరికి పంపాలో ఎంట్రీ కట్టేటప్పుడే నిర్వాహకులను అడిగి తెలుసుకోండి. 2021 నాటి డోపింగ్ రూల్బుక్కు, అంటే వాడా కోడ్‌లో సరదాకు ఆడేవాళ్లకు కొంచెం వెసులుబాటు ఉంది. అట్టాంటోళ్లు టెస్టు అయినాక కూడా టీయూఈకి పెట్టుకోవచ్చు, శిక్ష కూడా తక్కువతో పోవచ్చు. మీరు ఆ లెక్కలోకి వస్తారా రారా అనేది తేల్చేది మాత్రం నాడా. దాన్ని నమ్ముకోని కూర్చోవద్దు.

ఇక ఆ రెండో ప్రశ్న

గొంతు తగ్గించి అడిగేవాళ్లలో చెడ్డోళ్లు ఎవరూ నాకు కనపడలా. పోయిన ఏడాది మూడో స్థానం, ఈ ఏడాది ఏడో స్థానం, అద్దంలో భుజాలు జారిపోయి కనపడతాయి, జిమ్ములో కుర్రోడు "అంకుల్, నాలుగు వారాల్లో మీరే చూస్తారు" అంటాడు. నాండ్రోలోన్, టెస్టోస్టెరాన్, స్టానోజొలాల్, ఈ పేర్లు రాసుకున్న కాగితం ముక్క పట్టుకోని వస్తారు. నేను ఇవ్వను. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులు ఇవి, ఆ సంగతి పక్కన పెట్టినా ఇవ్వను.

ఒక రిటైర్డు హెడ్మాస్టరుతో జరిగిన మాటలు ఇవి.

"టెస్టోస్టెరాన్ తగ్గిందని రిపోర్టొచ్చిందమ్మా. మరి డాక్టరే రాశాడుగదా?"

"సార్, ఏ డాక్టరు? ఫోనులో ప్రకటన చూసి పోయిన డాక్టరా, మన గుండె డాక్టరా?"

ఆయన మాట్లాడలా.

వయసుతో ఆ హార్మోను కొంచెం కొంచెం తగ్గడం అందరికీ ఉండేదే. దానికోసం టీయూఈ ఇవ్వరు. పీయూష గ్రంథి చెడిపోయి, లేక వృషణాలు తీసేసి, లేక పుట్టుకతో లోపం ఉండి తగ్గినోళ్ల కథ వేరు, వాళ్లు అడగొచ్చు.

ఇరవై ఏళ్లోడికీ అరవై ఏళ్లోడికీ ఈ మందులు ఒకేలా ఉండవు. కండలు పెంచే స్టెరాయిడ్ రక్తం చిక్కన చేస్తుంది, మంచి కొలెస్టరాల్‌ను పడగొడుతుంది, చెడ్డదాన్ని పెంచుతుంది, గుండె గోడ మందం చేస్తుంది. అప్పటికే రక్తనాళాల్లో కొవ్వు పేరుకున్న మనిషి మీద ఇది పడితే ఏమవుతుందో చెప్పాలా? ప్రోస్టేటు సంగతి చూసుకోకుండా వాడితే అదొక ప్రమాదం. బయటి నుంచి హార్మోను వస్తుంటే ఒంట్లో తయారయ్యేది ఆగిపోతుంది, మానేసినాక నెలల తరబడి నీరసం, దిగులు. ఆడోళ్లకు గొంతు బొంగురుపోతే మళ్లీ రాదు. గ్రోత్ హార్మోన్ షుగరు పెంచుతుంది, చేతులు తిమ్మిరెక్కిస్తుంది. డయాలిసిస్ వాళ్లకిచ్చే ఈపీఓ సూదిని ఓపిక కోసం వేయించుకుంటే రక్తం గడ్డకట్టి పక్షవాతం దాకా పోవచ్చు. మెఫెంటెర్మిన్ అని ఇంకొకటి జిమ్ముల్లో తిరుగుతోంది. అది ఆపరేషన్ బల్ల మీద మత్తిచ్చినప్పుడు బీపీ పడిపోతే పైకి తెచ్చే సూది. బీపీ ఉన్న మనిషి దాన్ని వ్యాయామానికి ముందు వేయించుకోవడం ఏంది, నాకైతే అర్థంకాదు.

"టెస్టు చేసేవాళ్లు మన మీట్లకు యాడ వస్తారక్కా" అనేది ఇంకొక మాట. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు నాడా వాళ్లు వచ్చారని తెలిసి చాలామంది ఆటగాళ్లు మాయమైపోయారు, 100 మీటర్ల ఫైనల్లో పరిగెత్తింది ఒక్కడే. స్టేడియం బాత్‌రూముల్లో సిరంజీలు దొరికాయి. వాళ్లు కుర్రోళ్లు. మాస్టర్స్ ప్రపంచ పోటీల్లోనూ టెస్టులున్నాయి. మీ మీట్‌కు ఎవరూ రాలేదే అనుకుందాం, మీ పక్క లేన్లో ఉన్న స్నేహితుడు మాత్రం నిజంగానే ఓడిపోయాడుగదా.

ఇప్పటికే వాడుతున్నోళ్లు చదువుతుంటే: మీకు మీరే ఒక్కసారిగా ఆపెయ్యడం, ఇంకో మాత్రతో సరిచేసుకోవడం రెండూ వద్దు. ఫిజీషియన్ దగ్గరికి పోయి ఏ మందు, ఎన్నాళ్లు, ఎక్కడ కొన్నారు అని ఉన్నదున్నట్టు చెప్పండి. హిమోగ్లోబిన్, హిమాటోక్రిట్, కొలెస్టరాల్, లివరు, పీఎస్ఏ (ప్రోస్టేటుకు చేసే రక్తపరీక్ష), ఎకో, ఈ పరీక్షలు చేస్తారు. ఛాతీలో నొప్పి, ఒకపక్క చెయ్యో కాలో లాగేయడం, పిక్క వాచి నొప్పి పెట్టడం, వీటిల్లో ఏది వచ్చినా 108కి ఫోన్ చెయ్యండి, సూది సంగతి వాళ్లకు దాచొద్దు.

పౌడరు డబ్బాలు

ప్రోటీన్‌కు నిషేధం లేదు, క్రియాటిన్‌కు లేదు, కాఫీకీ లేదు. డబ్బా మీద రాయనిది లోపల ఉండటమే తంటా. "టెస్టో", "బూస్టర్", "కొవ్వు కరిగించే" అని పేరున్నవాటిని నేనైతే షాపులో పెట్టను. డీహెచ్‌ఈఏ అమెరికాలో మామూలు విటమిన్ లాగా అమ్ముతారు, వాడా జాబితాలో మాత్రం ఉంది. కోడలి డబ్బా అందుకే చూసుకోమన్నా.

అమెరికాలో కార్ల్ గ్రోవ్ అని 90 ఏళ్ల సైకిల్ పందెగాడు. 2018 జులైలో జాతీయ మాస్టర్స్ పోటీలో గెలిచాడు, టెస్టులో పశువులకు కండ పట్టడానికి అక్కడ వాడే ట్రెన్‌బొలోన్ తాలూకు జాడ దొరికింది. ముందురోజు చేసిన టెస్టులో అది లేదు. రాత్రి తిన్న మాంసంలోంచి వచ్చి ఉంటుందని అక్కడి సంస్థే తేల్చి హెచ్చరికతో వదిలిపెట్టింది, ఫలితం మాత్రం పోయింది. విచారణలో ఆయన వాడే సప్లిమెంటు ఒకటి పరీక్ష చేయిస్తే అందులో క్లోమిఫిన్ ఉంది, అది కూడా నిషేధమే. డబ్బా మీద ఆ పేరు లేదు. మన చేపల పులుసుకూ కోడిగుడ్డుకూ ఇట్టాంటి పేచీ ఏమీ లేదు, ప్రోటీన్ కావాలంటే అవి తినండి. తప్పదు అనుకుని పౌడరే కొంటే సీలున్న డబ్బా, బిల్లు, బ్యాచ్ నంబరు ఫొటో. అంతా అయిపోగొట్టకుండా అడుగున రెండు చెంచాలు మిగిల్చి దాచండి, ఎప్పుడన్నా పరీక్షకు పంపాల్సొస్తే అదే ఆధారం.

పేరు పిలిచినప్పుడు

టెస్టుకు ఎంచుకున్నామని చెప్తే రానని అనొద్దు. తప్పించుకుపోవడం కూడా మందు దొరికినట్టే లెక్క, నాలుగేళ్ల దాకా నిషేధం పడొచ్చు. పిలవడానికొచ్చినోళ్ల గుర్తింపు కార్డు చూడండి. మీతోపాటు ఒకరిని తీసుకుపోవచ్చు, వాళ్ల భాష మీకు రాకపోతే తోడుండటం ఇంకా మంచిది. కిట్లు కొన్ని ముందు పెట్టి ఎంచుకోమంటారు, సీలు చూసి, సీసాల మీదా మూత మీదా నంబర్లు ఒకటేనో కాదో చదివి తీసుకోండి. మూత్రం 90 మిల్లీలీటర్లు కావాలి. ఆడోళ్లకు ఆడవాళ్లే, మగోళ్లకు మగవాళ్లే ఎదురుగా నిలబడి చూస్తారు. సిగ్గే, కానీ తప్పదు. ప్రోస్టేటు ఇబ్బంది ఉన్న అన్నయ్యలకు ఇక్కడ గంటలు పట్టొచ్చు. వాళ్లు కూర్చుంటారు, తొందరపెట్టరు. త్వరగా రావాలని నీళ్లు కడవలకొద్దీ తాగితే మూత్రం పల్చనై మళ్లీ ఇవ్వాల్సొస్తుంది. సీసాల్లో పోసేది మీరే, మూత బిగించేది మీరే. 'ఏ' అని రాసిన సీసాలో కొంత, 'బీ' అని రాసిన సీసాలో కొంత. మొదటిది తప్పని వస్తే రెండోది తెరిచి చూడమని అడిగే హక్కు మీది, దానికి గడువు ఉత్తరంలోనే ఉంటుంది.

ఫారంలో గత ఏడు రోజుల్లో వాడినవన్నీ రాయమంటారు. అప్పుడు గుర్తుతెచ్చుకోవడం కష్టం, ఆదివారం రాసిన నోటుబుక్కు బ్యాగులో ఉంటే చూసి ఎక్కించొచ్చు. విటమిన్ కూడా రాయండి, చుక్కలు కూడా రాయండి. చివర సంతకం పెట్టే ముందు చదవండి, ఏదన్నా తేడాగా జరిగితే అక్కడే ఖాళీలో రాయండి. వాళ్లిచ్చే కాపీని షీట్లతో, బిల్లులతో కలిపి ఒక కవర్లో పెట్టి ఫలితం వచ్చేదాకా దాచండి. ఈ తంతు అయ్యేసరికి పొద్దుపోయి మాత్రల వేళ దాటిపోతుంది, కాబట్టి బ్యాగులో ఒక పూట మందు అదనంగా పెట్టుకోని పోండి. చక్కెర ఉన్నోళ్లయితే సీలు తీయని బిస్కెట్ ప్యాకెట్ కూడా.